కొలవాల్సింది పాఠాన్ని: పశుదాణా సంస్థ శిక్షణ, అమ్మకాల విభాగాలకు బహిరంగ లేఖ

తిరుపతి

గౌరవనీయులైన శిక్షణ విభాగాధిపతి గారికి, అమ్మకాల విభాగాధిపతి గారికి, డేటా విశ్లేషణ చూసే బృందానికి,

నమస్కారం.

నేను మీ సంస్థలో తిరుపతి, చిత్తూరు జిల్లాల పశుదాణా అమ్మకాలు చూసే ఏరియా పర్యవేక్షకుణ్ణి. శ్రీకాళహస్తి నుంచి కుప్పం దాకా నా కింద పద్నాలుగు మంది క్షేత్ర సిబ్బంది పనిచేస్తున్నారు. వారిలో తొమ్మిది మంది ఆడవాళ్లు. ఆ తొమ్మిది మందీ ఇంట్లో పాడి ఉన్నవాళ్లే. తెల్లవారుజామున తమ ఆవుల పాలు పిండి కేంద్రంలో పోసిన తర్వాతే కంపెనీ పనికి బయలుదేరతారు. ఈ లేఖను వారందరికీ చదివి వినిపించి, వారి సమ్మతితోనే రాస్తున్నాను.

ఏడాదిన్నర క్రితం మొదలైన ఆన్‌లైన్ శిక్షణ వల్ల క్షేత్రంలో ఎదురవుతున్న ఇబ్బందులను వివరిస్తూ ఇప్పటికి మూడుసార్లు మీకు లేఖలు పంపాను. మొదటిదానికి అందిందన్న సమాధానం వచ్చింది, తర్వాతి రెండింటికి అదీ రాలేదు. ఆపై జరిగిన సమీక్షలో ఈ మాట ఎత్తగానే, ముందు మీ ఏరియాలో శిక్షణ ఎంత శాతం పూర్తయిందో ఆ సంగతి చూసుకోండి అన్నారు. ఇక వేరే దారి లేక బహిరంగంగా రాస్తున్నాను. సంస్థను బజారుకీడ్చాలన్నది నా ఉద్దేశం కాదు కాబట్టి పేరు రాయడం లేదు. విత్తనాలు, పురుగుమందులు, బీమా, ఇంటి సామాన్లు అమ్మే కంపెనీల్లో పనిచేస్తున్న నా మిత్రులు చెప్పేది వింటుంటే, కాస్త అటూ ఇటూగా వారి పరిస్థితీ ఇదే. వారి అధికారులు కూడా ఈ లేఖ చదివితే సంతోషిస్తాను.

ఆన్‌లైన్ శిక్షణ వద్దని మేము కోరడం లేదు. అంతకుముందు శిక్షణ అంటే కుప్పంలో ఉన్న మనిషి బస్సో రైలో ఎక్కి తిరుపతి రావాలి. రెండు రోజులు పాలు పిండే పని ఇంకెవరికైనా అప్పజెప్పాలి. చంటిబిడ్డ ఉంటే వెంట తెచ్చుకోవాలి. ఆ బాధ తప్పించినందుకు మీకు కృతజ్ఞతలు. డేటా సేకరించవద్దని కూడా మేము అనడం లేదు. మా అభ్యంతరం అంతా దాన్ని దేనికి వాడుతున్నారన్న దాని గురించే. ఎవరు వీడియో తెరిచారు, ఎవరు తెరవలేదు, ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయి అన్న లెక్కలన్నీ మనిషిని నిలదీయడానికి పనికొస్తున్నాయి. పాఠంలో తప్పు ఎక్కడుందో వెతకడానికి అదే లెక్కను ఒక్కసారి వాడినట్టు కూడా మాకు కనిపించలేదు. దానివల్ల సిబ్బందికి, వారిని నమ్మి మూట కొనే రైతుకు జరుగుతున్న నష్టాన్ని కింద వరుసగా వివరిస్తున్నాను.

1. పూర్తి శాతం గురించి.

నెలకు నాలుగు వీడియోలు. ఒక్కొక్కటి పద్దెనిమిది నుంచి ఇరవై నిమిషాలు. చివర పది ప్రశ్నల క్విజ్. నెలాఖరుకు వంద శాతం పూర్తి చేయకపోతే ఆ నెల ఇన్సెంటివ్‌లో నాలుగో వంతు కోత. ఈ నియమం వచ్చిన రెండు నెలలకే మీ డ్యాష్‌బోర్డులో, అంటే అందరి లెక్కలూ చూపే తెర మీద, మా ఏరియా మొత్తం పచ్చరంగులోకి మారింది. మీరు అభినందిస్తూ సందేశం కూడా పంపారు. ఆ పచ్చరంగు ఎలా వచ్చిందో నేను ఒకరోజు కళ్లారా చూశాను.

పలమనేరు దగ్గర ఒక పల్లెలో పాలకేంద్రం. ఉదయం ఆరున్నర కావస్తోంది. కేంద్రం అరుగు మీద గోడకు ఆనించిన ఫోనులో మన వీడియో నడుస్తోంది, శబ్దం పూర్తిగా తగ్గించి ఉంది. మా సిబ్బందిలోని ఒక అమ్మాయి ఆటోలోంచి యాభై కిలోల దాణా మూటలు దింపించుకుంటూ, పాలు పోయడానికి వచ్చిన రైతులతో మాట్లాడుతూ, లెక్క రాసుకుంటోంది. నిమిషానికోసారి వచ్చి, తడి చేయి కొంగుకు తుడుచుకుని, తెర ఆరిపోకుండా వేలితో తాకి వెళుతోంది. అదేమిటమ్మా అని అడిగితే, “అది అయిపోవాల సార్, లేదంటే ఇన్సెంటివ్ పోతాది. ఈ టయానికి ఈడ లేకపోతే యాపారం పోతాది. రెండూ ఎట్ల చేసేది?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం డ్యాష్‌బోర్డులో ఆమె పేరు పక్కన వంద శాతం అని పడింది.

శిక్షణ ఫలితాన్ని కొలవడానికి డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ ఆచార్యుడు 1959లో ప్రతిపాదించిన నాలుగు మెట్లు శిక్షణ రంగంలో ఉన్న మీకు నాకంటే బాగా తెలుసు. నేర్చుకున్నవారికి ఎలా అనిపించింది, వారు ఏం నేర్చుకున్నారు, పనిలో ఏం మార్చుకున్నారు, దాని ఫలితం ఏమైంది అన్నవే ఆ నాలుగు. పూర్తి శాతం వీటిలో ఏ మెట్టు మీదా లేదు. అది ఫోను ఎంతసేపు వెలిగిందో మాత్రమే చెబుతుంది. క్విజ్ మార్కులు రెండో మెట్టు దగ్గరికి వస్తాయి గానీ, ఒకే ఇంట్లోనో ఒకే రూటులోనో ఉన్నవాళ్లు జవాబులు ఒకరికొకరు చెప్పుకుంటున్నారన్నది దాచాల్సిన రహస్యమేమీ కాదు. మార్కు తగ్గితే నిలదీసే చోట ఎవరైనా చేసే పనే అది.

2. ఆగిపోయే చోటు గురించి.

ప్రతి వీడియోను ఎవరు ఏ నిమిషంలో ఆపారు, ఎక్కడ వెనక్కి తిప్పి మళ్లీ చూశారు అన్న లెక్క మీ యాప్‌లో నమోదవుతుందని శిక్షణ తొలిరోజు మీరే చెప్పారు. ఆ లెక్కను మాకు ఎన్నడూ చూపలేదు. అందుకే నేను ఒక చిన్న పని చేశాను. పాలిచ్చే ఆవుకు దాణా ఎంత పెట్టాలి అన్న వీడియో వచ్చిన నెలలో, చూస్తూ ఎక్కడ అర్థం కాకపోతే ఆ నిమిషాన్ని ఒక చీటీ మీద రాసి ఇమ్మని పద్నాలుగు మందినీ అడిగాను. పదకొండు చీటీల మీద ఏడు, ఎనిమిది, తొమ్మిది అంకెలే ఉన్నాయి.

ఆ మూడు నిమిషాల్లో ఏముందో చూశాను. “నిర్వహణ రేషన్” అనే మాట ఉంది. ఇంగ్లీషు మాటను నిఘంటువు చూసి దించిన తెలుగు అది. మా వాళ్లకు రేషన్ అంటే కార్డు, బియ్యం. ఆవు కట్టుగొయ్య దగ్గర ఊరికే నిలబడి ఉన్నా, చుక్క పాలివ్వకపోయినా దాని ఒంటికి కొంత తిండి కావాలన్న చిన్న విషయాన్ని ఆ మాట కప్పేసింది. అది తెలిస్తే మిగిలిన లెక్క సులభం: ఒంటి పోషణకు సుమారు కిలోన్నర, ఆపైన ఆవు ఇచ్చే ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో. పది లీటర్లిచ్చే ఆవుకు ఐదున్నర కిలోలు. క్విజ్‌లో ఇదే ప్రశ్న వచ్చింది. మా వాళ్లలో ఎక్కువ మంది నాలుగు కిలోలు అని పెట్టారు. అంటే పాల లెక్క వారికి వచ్చింది, ఒంటి లెక్క ఒక్కటే జారిపోయింది.

తప్పు జవాబులు తలా ఒక తీరుగా ఉంటే చదవనివారి లోపం అనుకోవచ్చు. అందరూ ఒకే తప్పు జవాబు మీద వేలు పెట్టారంటే లోపం పాఠంలోనో ప్రశ్నలోనో ఉందని బడి పంతులు కూడా గ్రహిస్తాడు. మార్కుల మొత్తం ఒక్కటే చూసేవారికి ఇది కనిపించదు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబును ఎందరు ఎంచుకున్నారో చూస్తేనే కనిపిస్తుంది. ఆ పట్టిక తీయడానికి పెద్ద యంత్రమేధ అక్కర్లేదు. మీ దగ్గర ఉన్న ఫైలును ఒక పూట కూర్చుని వరుసలు పేర్చితే చాలు. ఆ పని చేయకుండా, మార్కులు తక్కువ వచ్చినవారికి అదే వీడియోను మళ్లీ మొదటి నుంచి చూడమని ఆదేశం పంపారు. వాళ్లు అదే ఏడో నిమిషంలో మళ్లీ ఆగారు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కుప్పం, నగరి వైపు మా వాళ్లు ఒకే ఇంట్లో తెలుగూ తమిళమూ మాట్లాడతారు. కుప్పంలో కన్నడం కూడా వినిపిస్తుంది. వారికి వీడియోలోని తెలుగు ఎవరి తెలుగో తెలియడం లేదు. పలమనేరు దాటాక అడవి దారిలో సిగ్నల్ పోతే వీడియో మొదటికొస్తుంది. పదిహేను నిమిషాలు చూసినా లెక్కలో మాత్రం చూడలేదనే పడుతుంది.

3. రైతుకు జరిగిన నష్టం గురించి.

ఈ లేఖ మొత్తంలో ఇంకేదీ చదవడానికి సమయం లేకపోతే, దయచేసి ఈ ఒక్క అంశం చదవండి.

పాకాల దగ్గర ఒక రైతుకు రెండు సంకరజాతి ఆవులున్నాయి. వేసవిలో పచ్చిమేత కరువై, వరిగడ్డి ధర పెరిగిన రోజుల్లో మా సిబ్బందిలో ఒకామె వెళ్లి, దాణా పెంచితే పాలూ పెరుగుతాయి, ఫ్యాట్టూ (పాలలో వెన్న శాతం) పెరుగుతుంది అని చెప్పింది. వీడియో మొదట్లో ఉన్న మాటలనే ఆమె చెప్పింది. ఆయన నమ్మాడు. రెండు మూటలు తీసుకుని దాణా పెంచాడు, ఆ ఖర్చు సరిపెట్టుకోవడానికి గడ్డి తగ్గించాడు. పాలు కొద్దిగా పెరిగాయి. ఫ్యాట్ పడిపోయింది. పాలకేంద్రంలో ధర కట్టేది ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) చూసే కదా! పదిహేను రోజుల పాల బిల్లు చేతికొచ్చేసరికి అంతకుముందు కంటే తక్కువ ఉంది. నేను వెళ్లినప్పుడు ఆయన కోప్పడలేదు. రెండు చీటీలు, దాణా బిల్లు ఒకటి, పాల బిల్లు ఒకటి, నులకమంచం మీద పక్కపక్కన పెట్టి, “ఇది పెరిగింది, ఇది తగ్గింది. నువ్వే చెప్పు నాయనా, ఇదేం లెక్క?” అన్నాడు.

పీచు ఉన్న మేత తగ్గించి దాణా పెంచితే పాలలో వెన్న తగ్గుతుందన్న సంగతి పశుపోషణ తెలిసిన అందరికీ తెలిసిందే. మన వీడియోలోనూ అది ఉంది. పద్నాలుగో నిమిషంలో ఉంది. ఎనిమిదో నిమిషంలో దారి తప్పినవారు పద్నాలుగో నిమిషం దగ్గర ఫోనును ఊరికే వెలగనిస్తున్నారు. ఆ జాగ్రత్త మూడో నిమిషంలో చెప్పి ఉంటే ఆ రైతు గడ్డి తగ్గించి ఉండేవాడు కాదు. ఎక్కడ ఎందరు ఆగిపోతున్నారన్న లెక్క మీ దగ్గర ఉండి కూడా పద్నాలుగో నిమిషంలోని మాటను ముందుకు జరపలేదంటే, ఆ పాల బిల్లులో కోతకు మనందరిదీ బాధ్యత ఉంది.

ఆ రైతు తర్వాత మన దాణా కొనలేదు. ఆ వీధిలో ఇంకో నలుగురు కొనలేదు. దాణా పెంచమని చెప్పిన మా అమ్మాయిది ఆ పక్క ఊరే; పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ ఆమె అదే ముఖంతో వారి ఎదుటికి వెళ్లాలి. కానీ మీ డ్యాష్‌బోర్డులో ఆ నెల ఆమె ఖాతాలో రెండు మూటల అమ్మకం, శిక్షణ వంద శాతం అని ఉంది. రెండోసారి కొనని రైతుకు ఆ తెర మీద చోటే లేదు.

4. అమ్మకాల లెక్క గురించి.

గత సమీక్షలో ఒక గ్రాఫు బొమ్మ చూపించారు. శిక్షణ ముందుగా పూర్తి చేసినవారి అమ్మకాలు ఎక్కువగా, ఆలస్యంగా చేసినవారివి తక్కువగా ఉన్నాయి కాబట్టి శిక్షణే అమ్మకాలను పెంచుతోందని తేల్చారు. మర్యాదగానే చెబుతున్నాను, ఆ బొమ్మ నుంచి ఆ మాట రాదు. చురుకైనవారు వీడియో ముందు చూస్తారు, మూటలూ ఎక్కువ అమ్ముతారు. వీడియో రాకముందు కూడా వాళ్లే ఎక్కువ అమ్మేవారు. పాత నెలల లెక్క పక్కన పెట్టి చూసి ఉంటే ఆ సమీక్షలోనే ఇది తేలిపోయేది.

దాణా అమ్మకం దేని మీద ఆధారపడుతుందో క్షేత్రంలో ఉన్నవారికి తెలుసు. మా ప్రాంతంలో చాలా కేంద్రాల్లో పదిహేను రోజులకోసారి పాల బిల్లు ఇస్తారు. బిల్లు వచ్చిన మర్నాడు, ఆ పై రోజు మూటలు కదులుతాయి. వాన పడి చేలగట్ల మీద గడ్డి లేస్తే దాణా తగ్గుతుంది, ఎండాకాలం పెరుగుతుంది. మామిడి కోతల్లో రైతు తోట వదిలి రాడు. తిరుపతిలో గంగజాతర వారం ఎవరూ లెక్కలు మాట్లాడరు. వీటిని పట్టించుకోకుండా మే నెలను ఆగస్టు నెలతో పోల్చి, శ్రీకాళహస్తిని పుంగనూరుతో పోల్చి, తగ్గినవారికి అదనపు వీడియోలు పంపిస్తున్నారు. పోల్చదలిస్తే పోయిన ఏడాది అదే నెలతో, అదే రూటులో పోల్చాలి. అన్నింటికంటే బాధాకరం ఏమిటంటే, ఆన్‌లైన్‌లో జరిగే తప్పనిసరి ప్రత్యక్ష తరగతులను రెండుసార్లు సరిగ్గా బిల్లు మర్నాడు ఉదయం పెట్టారు. లాగిన్ సమయాలనూ మూటల బిల్లుల తేదీలనూ ఒక్కసారి పక్కపక్కన ఉంచి చూసినవారెవరూ ఆ పొరపాటు చేయరు.

అసలు మీ లెక్కలో అమ్మకం అంటే ఏమిటన్నది కూడా ప్రశ్నే. కంపెనీ గోదాము నుంచి డీలరుకు వెళ్లిన మూటనే అమ్మకంగా రాస్తున్నారు. నెలాఖరు టార్గెట్ కోసం డీలరు దగ్గర సరుకు దింపేస్తే ఆ నెల బాగుంటుంది, మరుసటి నెల పడిపోతుంది. రైతు ఇంటికి చేరిన మూట ఎక్కడా నమోదు కావడం లేదు. శిక్షణ యాప్‌లో మనిషికి ఒక నంబరు, అమ్మకాల యాప్‌లో డీలరుకు ఒక కోడు. ఈ రెండింటినీ కలిపే దారం లేదు. ఆ దారం లేకుండా శిక్షణకూ అమ్మకానికీ సంబంధం గురించి ఏ మాట చెప్పినా అది ఊహే.

ఒక కొత్త దాణాను మార్కెట్లోకి తెచ్చే ముందు మన సంస్థ ఏం చేస్తుందో మీకు తెలుసు. ఒకే ఈడు, ఒకే ఈత (ఎన్నోసారి ఈనిందన్న లెక్క), దాదాపు ఒకే పాలు ఉన్న ఆవులను రెండు గుంపులు చేసి, ఏ ఆవు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీ వేసి, ఒక గుంపుకు పాతది, ఒక గుంపుకు కొత్తది పెట్టి పాలు కొలుస్తుంది. చీటీ వేసి పంచే ఈ పద్ధతిని 1920లలో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పొలాల మీద పనిచేస్తూ ఆర్.ఎ.ఫిషర్ నిలబెట్టారు. ఆయన దగ్గరే మన తెలుగువారు సి.ఆర్.రావు గారు 1948లో కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేశారు. ఎరువు పనిచేసిందో లేదో తేల్చడానికి పుట్టిన పద్ధతి ఇది. దాణా విషయంలో దీన్ని నిష్ఠగా పాటించే సంస్థ, పద్నాలుగు కుటుంబాల ఆదాయాన్ని నిర్ణయించే శిక్షణ విషయంలో ఎందుకు పాటించదు? ఆవుకు ఇచ్చిన గౌరవం ఆవు దగ్గరికి వెళ్లే మనిషికీ ఇవ్వమని అడుగుతున్నాను.

5. మరపు గురించి.

నేర్చుకున్నది తిరిగి తలచుకోకపోతే తొలి రోజుల్లోనే ఎంత వేగంగా జారిపోతుందో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసి చూపించారు. మన యాప్‌లో ఒక పాఠం ఒక్కసారి వస్తుంది, క్విజ్ అవగానే మాయమవుతుంది. మినరల్ మిక్చర్ (ఖనిజ లవణాల పొడి) రోజుకు యాభై గ్రాములు పెట్టాలన్న పాఠం వేసవిలో వచ్చింది. ఆ పాఠం అవసరపడే ప్రశ్న, ఆవు ఎదకు రావడం లేదని, రైతు అడిగింది కార్తీకంలో. అప్పుడు వెనక్కి వెళ్లి చూసుకుందామంటే ఆ వీడియో తెరుచుకోదు.

6. మా సమాచారం గురించి.

యాప్ మా ఫోన్లలో మేము ఎక్కడున్నామో కూడా చూస్తోంది. రాత్రి పది తర్వాత కూడా చూస్తోందో లేదో మాకు తెలియదు, అడిగితే చెప్పినవారు లేరు. సమ్మతి కోరుతూ ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలని 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో రాసి ఉంది. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. మా వాళ్లు నొక్కిన “అంగీకరిస్తున్నాను” బొత్తాం పైన ఉన్నది పూర్తిగా ఇంగ్లీషు.

పై విషయాలన్నీ చెప్పి ఊరుకోకుండా, మా చేతనైనంతలో ఒక ప్రయత్నం చేశాం. దాణా లెక్క పాఠాన్ని మా సిబ్బందిలోనే బాగా మాట్లాడగల ఒకామె చేత, తన ఇంటి కొట్టంలో తన ఆవు పక్కన నిలబడి, మన చిత్తూరు మాటల్లో మూడు నిమిషాలు చెప్పించి ఫోనులో తీశాం. “ఊరికే నిలబడుకోనుండే ఆవుకు కూడా కడుపుంటాదమ్మా, దానికి ముందు ఇంత ఎయ్యి, ఆ తర్వాత పాలకు లెక్క చూడు” అని ఆమె మొదలుపెట్టింది. గడ్డి తగ్గించవద్దన్న మాట రెండోదిగా చెప్పింది. చీటీలు వేసి ఏడుగురికి ఆ వీడియో ముందు పంపాం, మిగిలిన ఏడుగురికి నెల తర్వాత పంపాం. నెల చివర పద్నాలుగు మందినీ ఒక్కొక్కరినీ విడిగా అడిగితే, ముందు చూసిన ఏడుగురిలో ఆరుగురు పది లీటర్ల ఆవు లెక్క సరిగా చెప్పారు. మిగిలిన ఏడుగురిలో ఇద్దరు చెప్పారు. పద్నాలుగు మంది చాలా తక్కువ అని నాకు తెలుసు. దీన్ని పట్టుకుని అమ్మకాలు పెరుగుతాయని నేను చెప్పడం లేదు. ఒక పాత ఫోను, ఒక నోటుపుస్తకం ఉన్న మనిషి ఈ మాత్రం పోలిక చేయగలిగితే, ఇన్ని వేల మంది సిబ్బంది లెక్కలు చేతిలో ఉన్న మీరు ఎంత చేయగలరో ఆలోచించమని మాత్రమే కోరుతున్నాను. మూడో లేఖకు ఆ వీడియోను, నోటుపుస్తకం పేజీల ఫోటోలను జతచేశాను.

మా డిమాండ్లు ఇవి.

1. పూర్తి శాతాన్ని ఇన్సెంటివ్ నుంచి వెంటనే విడదీయాలి. దాని పేరుతో గత మూడు నెలల్లో నలుగురికి కోసిన మొత్తాన్ని తిరిగి చెల్లించాలి. వారిలో ఇద్దరు ఆ నెలల్లో సిగ్నల్ లేని రూట్లలో పనిచేశారు.

2. ప్రతి వీడియోకు ఏ నిమిషంలో ఎందరు ఆగారు, ప్రతి ప్రశ్నకు ఏ జవాబును ఎందరు ఎంచుకున్నారు అన్న పట్టికను, ఎవరి పేర్లూ లేకుండా, ప్రతి నెలా పర్యవేక్షకులకు పంపాలి. సగం మందికి పైగా తప్పు చేసిన ప్రశ్నకు సిబ్బందిని మళ్లీ కూర్చోబెట్టే ముందు, ఆ పాఠాన్ని సరిచేయాలి.

3. పాఠం ఐదు నిమిషాలు మించకూడదు. రైతుకు నష్టం కలిగించగల జాగ్రత్తలు మొదటి నిమిషంలోనే రావాలి. డౌన్‌లోడ్ చేసుకుని సిగ్నల్ లేకుండా చూసే వీలు, ఎప్పుడైనా తిరిగి తెరిచే వీలు ఉండాలి. రెండు వారాలకు, రెండు నెలలకు అదే విషయం మీద ఒకటి రెండు ప్రశ్నలు మళ్లీ అడగాలి, వాటికి మార్కులు వేయకూడదు.

4. పాఠాల భాషను ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం సిబ్బందితో చూపించి ఖరారు చేయాలి. ఇందుకు వెచ్చించే సమయానికి వారికి వేతనం ఇవ్వాలి. తన కొట్టంలో తీసిన మా వీడియోకు ఆ అమ్మాయికి ఇప్పటిదాకా ఒక్క రూపాయి ముట్టలేదు, అది నా లోటు కూడా.

5. డీలరుకు వెళ్లిన మూటతో పాటు రైతుకు చేరిన మూటను, అదే రైతు రెండోసారి కొన్నాడా లేదా అన్నదాన్ని, వెనక్కి వచ్చిన సరుకును, ఫిర్యాదును నమోదు చేయాలి. శిక్షణ ఫలితాన్ని రెండోసారి కొనుగోలుతో చూడాలి. ఈ నమోదు భారం మళ్లీ సిబ్బంది ఫోన్ల మీదే పడకుండా డీలరు బిల్లు దగ్గరే జరిగేలా ఏర్పాటు చేయాలి.

6. ఇకపై ప్రతి కొత్త శిక్షణను అందరికీ ఒకేసారి రుద్దకుండా, చీటీ వేసి సగం రూట్లలో ముందు, మిగిలిన సగంలో ఒక సీజను తర్వాత మొదలుపెట్టాలి. వచ్చిన ఫలితం మంచిదైనా కాకపోయినా మాకు చెప్పాలి. ఇందుకు మనుషులు లేరంటే, తిరుపతిలోనే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్ర విభాగం ఉంది. ప్రాజెక్టు పని కోసం వెతుక్కునే విద్యార్థులు ఏటా ఉంటారు.

7. పాల బిల్లు వచ్చే రోజున, దాని తర్వాతి రెండు రోజుల్లో ఏ తప్పనిసరి తరగతీ పెట్టకూడదు. కేంద్రాల వారీ బిల్లు తేదీల పట్టిక నేను ఇస్తాను.

8. మా నుంచి ఏ సమాచారం తీసుకుంటున్నారు, ఎంతకాలం ఉంచుకుంటారు, ఎవరు చూస్తారు అన్నది తెలుగులో రాసి ఇవ్వాలి. పని వేళలు ముగిశాక మా ఉనికిని చూడటం ఆపాలి.

9. పాకాల రైతుకు, అలాంటి ఫిర్యాదు చేసిన మరెవరికైనా, సంస్థ తరఫున ఒక పశువైద్యుణ్ణి పంపించి మేత లెక్క సరిచేయించాలి. జరిగిన పొరపాటును ఆ అమ్మాయి మీదకు నెట్టకుండా సంస్థే ఒప్పుకోవాలి.

ఈ తొమ్మిదింటిలో మొదటిది, ఏడోది, తొమ్మిదోది రేపే చేయగలిగినవి. మిగిలినవాటికి సమయం పడుతుందని మాకు తెలుసు. ఈ లేఖ అందిన ముప్పై రోజుల్లోగా ఏది చేస్తారు, ఏది చేయరు, ఎందుకు చేయరు అన్నది అంశం వారీగా రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాము. మీలో ఎవరైనా స్వయంగా చూడదలిస్తే, బిల్లు మర్నాడు ఉదయం ఆరు గంటలకు పలమనేరు దగ్గరి ఆ పాలకేంద్రానికి రండి. తిరుపతి నుంచి బండి నేను తెస్తాను.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల క్షేత్ర సిబ్బంది పద్నాలుగు మంది తరఫున,
ఏరియా పర్యవేక్షకుడు